పోర్ట్ క్లాంగ్‌కి మిర్చి: సీఐఎఫ్ రేటు అడిగారు, నాకు ఎఫ్ఓబీ కూడా సరిగ్గా తెలీదు

తొడిమ_తేజ
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ కొత్త. మా నాన్న గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు నడుపుతారు. టిక్కీలో (మిర్చి బస్తాలో) చెయ్యి పెట్టి కాయ తేమ ఎంతుందో చెప్పేస్తా గానీ, ఈ ఎగుమతి భాష మాత్రం బుర్రకెక్కట్లేదు. ఎగుమతి దిగుమతులకి కావాల్సిన కోడ్ ఐఈసీ తీసుకున్నా (500 కట్టాను, తీరా చూస్తే మా పాన్ నంబరే ఐఈసీ నంబరు). స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా అయింది. మొన్న మలేషియా నుంచి ఒకాయన మెయిల్ పెట్టాడు. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నా:

"కోట్ తేజ విత్ స్టెమ్, వన్ ఫార్టీ హైక్యూబ్, సీఐఎఫ్ పోర్ట్ క్లాంగ్, డీపీ ఎట్ సైట్, ఫారమ్ ఏఐ రిక్వైర్డ్."

ఇందులో నాకు అర్థమైంది తేజ ఒక్కటే, మిర్చి రకం కాబట్టి. నెట్‌లో చదివితే సీఐఎఫ్ అంటే సరుకు ధర, బీమా, ఓడ కిరాయి మూడూ కలిపి అని ఉంది. అంటే పోర్ట్ క్లాంగ్‌లో దిగేదాకా పూచీ నాదేనా? దారిలో తడిసి బూజు పడితే నా డబ్బులు పోయినట్టేనా? అదే ఎఫ్ఓబీ అయితే చెన్నైలో చేతులు దులుపుకోవచ్చా? తిట్టకుండా చెప్పండి.

దుగ్గిరాల_పసుపు
సోమవారం, రాత్రి 9:30

ఫాలో అవుతున్నా. నాది పసుపు. తిప్పలు మాత్రం ఇవే.

పోర్టు_రోడ్డు
సోమవారం, రాత్రి 10:05

తమ్ముడూ, నేను కస్టమ్స్ బ్రోకర్‌ని, సరుకుకి కస్టమ్స్ కాగితాల పని చేసిపెడతా. 2013లో పేరు మార్చారు గానీ ఇప్పటికీ అందరూ సీహెచ్ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) అనే పిలుస్తారు, పలుకుతూనే ఉంటాం. వన్ ఫార్టీ హైక్యూబ్ అంటే ఎత్తు ఎక్కువుండే 40 అడుగుల కంటెయినర్ ఒకటి. నువ్వు అడిగిన ప్రశ్న దగ్గరే నూటికి తొంభై మంది పొరపాటు పడతారు.

సీఐఎఫ్‌లో ఖర్చు ఒకచోట ఆగుతుంది, ప్రమాదం ఇంకోచోట ఆగుతుంది. ఓడ కిరాయి, బీమా పోర్ట్ క్లాంగ్ దాకా నువ్వే కడతావు. కానీ చెన్నైలో కంటెయినర్ ఓడ మీదికి ఎక్కిన క్షణం నుంచి సరుకుకి ఏమైనా ఆ నష్టం కొనుగోలుదారుది. ఎఫ్ఓబీలోనూ (ఓడ ఎక్కించేదాకా ఖర్చు మాత్రమే నీది) ప్రమాదం చేతులు మారేది అక్కడే. సీఐఎఫ్‌లో కిరాయీ బీమా అదనంగా నీ జేబులోంచి పోతాయి, అంతే. సీఎఫ్ఆర్ అంటే అందులోంచి బీమా తీసేసినది.

ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్‌కి మామిడిపండ్ల బుట్ట పంపావనుకో. ఛార్జీ నువ్వే కట్టావు. బస్సెక్కించాక పండ్లు నలిగితే, ముందే మాట్లాడుకున్న ప్రకారం అది అవతలివాళ్ల నష్టం. సీఐఎఫ్ అలాంటిది.

తొడిమ_తేజ
సోమవారం, రాత్రి 10:21

అన్నా, పండ్లు నలిగితే మా బావ నాకే ఫోన్ చేసి తిడతాడు కదా 😀

పోర్టు_రోడ్డు
సోమవారం, రాత్రి 10:24

మలేషియా ఆయనా తిడతాడు. బీమా పాలసీ ఎందుకు తీస్తున్నావు మరి! ఆ కాగితం ఆయన చేతికి వెళ్తుంది, క్లెయిమ్ ఆయన చేసుకుంటాడు.

బీమాలో ఒక మెలిక ఉంది. సీఐఎఫ్ కింద నువ్వు తప్పనిసరిగా ఇవ్వాల్సింది క్లాజ్ సీ, అంటే అన్నిటికంటే తక్కువ రక్షణ ఉన్న బీమా మాత్రమే. ఓడ మునిగినా, తగలబడినా, గుద్దుకున్నా డబ్బులొస్తాయి. ఉప్పునీళ్లు లోపలికి వచ్చినా, దొంగతనం జరిగినా రావు. సీఐపీ అనే ఇంకో పదానికి 2020 నుంచి క్లాజ్ ఏ తప్పనిసరి చేశారు, అది విస్తృతమైనది. సీఐఎఫ్‌ని మాత్రం సీ దగ్గరే ఉంచేశారు. అందుకే తెలివైన కొనుగోలుదారు సీఐఎఫ్ అని ఊరుకోడు, "క్లాజ్ ఏ ఇవ్వు" అని విడిగా రాయిస్తాడు.

బూజు అన్నావు కదా. సరుకులో ముందే ఉన్న తేమ వల్ల పట్టిన బూజుకి ఏ క్లాజూ పైసా ఇవ్వదు. అది సరుకు గుణం, ప్రమాదం కాదు అంటారు. కాబట్టి టిక్కీలో చెయ్యి పెట్టి చూసే ఆ విద్యే నీకు అసలైన బీమా. కంటెయినర్ లోపల డెసికెంట్ (తేమ పీల్చే) సంచులు వేలాడదీయడం మర్చిపోకు. పగలు వేడెక్కి రాత్రి చల్లబడితే పైరేకు లోపలివైపు నీళ్లు పట్టి, పై వరస టిక్కీల మీద బొట్లుబొట్లుగా పడతాయి.

బ్యాంకు_బల్ల
మంగళవారం, ఉదయం 6:40

రిటైరయ్యాను, తెల్లవారుజామునే లేస్తాను, అందుకే ఈ వేళకి రాస్తున్నాను. ఒక బ్యాంకు విదేశీ వ్యాపార విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను.

బాబూ, ఈ మూడక్షరాల పదాలన్నిటినీ కలిపి ఇన్‌కోటర్మ్స్ అంటారు. ప్యారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదలుపెట్టింది, ఇప్పుడు నడుస్తున్నది 2020 కూర్పు, మొత్తం 11 పదాలు. ఇది చట్టం కాదు. ఒప్పందంలో రాసుకుంటేనే వర్తిస్తుంది. కాబట్టి వట్టి "సీఐఎఫ్" అని రాయకు. "సీఐఎఫ్ పోర్ట్ క్లాంగ్, ఇన్‌కోటర్మ్స్ 2020" అని ఊరి పేరుతో సహా రాయి. పైగా ఈ పదాలు డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పవు, సరుకు యాజమాన్యం ఎప్పుడు మారుతుందో కూడా చెప్పవు. ఖర్చెవరిది, ప్రమాదమెవరిది, ఏ పనులెవరివి అన్నంతవరకే వాటి పని.

డబ్బు సంగతి చెప్పేది ఆ మెయిల్‌లో ఉన్న "డీపీ ఎట్ సైట్". నాకు భయం వేసింది అక్కడే. నువ్వు సరుకు ఓడెక్కించి, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు పత్రం) తదితర కాగితాలు మీ బ్యాంకుకి ఇస్తావు. మీ బ్యాంకు వాళ్ల బ్యాంకుకి పంపుతుంది. ఆయన డబ్బు కడితేనే కాగితాలు చేతికిస్తారు, కాగితాలుంటేనే సరుకు విడుదలవుతుంది. వినడానికి బాగుంది కదా? ఆయన కట్టకపోతే? బ్యాంకు పూచీ ఏమీ లేదు, అది పోస్ట్‌మ్యాన్ లాంటిది. సరుకు మాత్రం అక్కడి రేవులో కూర్చుని రోజురోజుకీ అద్దె పెంచుకుంటూ ఉంటుంది.

నా బల్ల దగ్గరికి ఒకాయన వచ్చేవాడు, మిర్చి వ్యాపారమే. డీపీ మీద పంపాడు. ఓడ చేరేలోపు రేటు పడిపోయింది. కొనుగోలుదారు ఫోన్ ఎత్తడం మానేశాడు. రెండు వారాల తర్వాత ఎత్తి, "20 శాతం తగ్గిస్తే కాగితాలు విడిపిస్తా" అన్నాడు. వెనక్కి తెప్పిద్దామంటే కొన్ని దేశాల్లో మొదటి కొనుగోలుదారు అభ్యంతరం లేదని రాసివ్వనిదే కస్టమ్స్ వదలదు. చివరికి 20 శాతం తగ్గించే ఇచ్చాడు. ఆ సంతకం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి వణకడం నాకింకా గుర్తుంది.

డీఏ అంటే ఇంకా ప్రమాదం. ఇన్ని రోజుల తర్వాత కడతానని సంతకం పెడితే చాలు, కాగితాలు ఇచ్చేస్తారు. కొత్త మనిషితో ఆ జోలికే పోకు.

తొడిమ_తేజ
మంగళవారం, ఉదయం 7:15

సార్, చెమటలు పట్టాయి. మరి ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) అడగనా?

బ్యాంకు_బల్ల
మంగళవారం, ఉదయం 7:50

అడగవచ్చు. ఎల్‌సీలో కొనుగోలుదారు బ్యాంకు స్వయంగా మాటిస్తుంది, "షరతుల ప్రకారం కాగితాలు తెస్తే మేమే చెల్లిస్తాం" అని. యూసీపీ 600 అనే నియమావళి ప్రకారం నడుస్తుంది, 2007 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అయితే బ్యాంకు చూసేది కాగితాన్ని, కాయను కాదు. కాయ ఎంత ఎర్రగా ఉన్నా కాగితంలో తేడా ఉంటే చెల్లింపు ఆగుతుంది.

సరుకు వివరణ ఎల్‌సీలో ఎలా ఉందో ఇన్‌వాయిస్‌లో అలాగే ఉండాలి. వాళ్లు స్పెల్లింగ్ తప్పు రాస్తే నువ్వూ ఆ తప్పే రాయి, ఇంగ్లిష్ దిద్దడం మన పని కాదు. ఓడెక్కిన 21 రోజుల్లోగా కాగితాలు బ్యాంకుకి చేరాలి, ఎల్‌సీలో వేరే గడువు రాసి ఉంటే అదే లెక్క. లాస్ట్ షిప్‌మెంట్ తేదీ ఒక్కరోజు దాటినా అది డిస్క్రిపెన్సీయే, అంటే చెల్లింపు ఆపే తేడాయే. "ఒక్కరోజే కదా, బీఎల్‌లో (బిల్ ఆఫ్ లేడింగ్‌లో) తేదీ వెనక్కి వేయించనా సార్" అని అడిగినవాళ్లున్నారు. అది మోసం కిందికి వస్తుంది, అడగనే అడగకు.

ఒక్క కంటెయినర్‌కి ఎల్‌సీ తెరవడానికి చాలామంది ఇష్టపడరు, వాళ్లకీ ఖర్చే. మధ్యేమార్గం చెబుతాను: 30 శాతం ముందే టీటీ (బ్యాంకు ద్వారా నేరుగా డబ్బు పంపడం), మిగతా 70 డీపీ. అతను పారిపోయినా, ఆ 30 చేతిలో ఉంటే ఇంకో కొనుగోలుదారుని వెతుక్కునేదాకా తట్టుకోగలవు. ఈసీజీసీ పాలసీ కూడా కనుక్కో. మన ప్రభుత్వ సంస్థే, 1957 నుంచి ఉంది. కొనుగోలుదారు ఎగ్గొడితే పాలసీ మేరకు నష్టంలో కొంత భరిస్తుంది.

సనత్‌నగర్_గోదాం
మంగళవారం, మధ్యాహ్నం 1:10

మీరందరూ ఎగుమతి వైపు నుంచి మాట్లాడుతున్నారు. నాది దిగుమతి. బట్టల షాపులకి డిస్‌ప్లే బొమ్మలు చైనా నుంచి తెస్తా. సీఐఎఫ్ అంటే నాకు ఒళ్లు మంట.

మొదటిసారి నింగ్‌బో అమ్మకందారు రెండు రేట్లు ఇచ్చాడు, ఎఫ్ఓబీ నింగ్‌బో, సీఐఎఫ్ చెన్నై. రెంటికీ తేడా మొత్తం 20 డాలర్లు. నాలుగు సీబీఎం (ఘనమీటర్ల) సరుకు సముద్రం దాటి రావడానికి 20 డాలర్లేనా, భలే చవక అనుకుని సీఐఎఫ్ తీసుకున్నా. ఎల్‌సీఎల్ అంటే నలుగురి సరుకు ఒకే కంటెయినర్‌లో వస్తుంది. చెన్నైలో దిగాక ఇక్కడి ఏజెంట్ బిల్లు పంపాడు. డెలివరీ ఆర్డర్ (డీఓ) ఫీజు, డీస్టఫింగ్ (కంటెయినర్ ఖాళీ చేయడం), డాక్యుమెంటేషన్, ఇంకా పేరే వినని రెండు మూడు ఛార్జీలు. మొత్తం 38,000. ఆ ఏజెంట్‌ని ఎంచుకుంది నేను కాదు, అమ్మకందారు మనిషి. కట్టకపోతే డీఓ ఇవ్వడు, డీఓ లేకపోతే సరుకు కదలదు. అక్కడ తగ్గించిన కిరాయంతా ఇక్కడ నా దగ్గర గుంజారు.

అప్పటినుంచి ఎఫ్ఓబీయే. నా ఫార్వర్డర్ (రవాణా ఏర్పాటు చేసే ఏజెంట్), నా కిరాయి, రెండు వైపులా ఛార్జీలు ముందే కాగితం మీద. మలేషియా ఆయన సీఐఎఫ్ అడిగాడంటే ఆయనకి ఈ దెబ్బ ఇంకా తగల్లేదన్నమాట 😄

తొడిమ_తేజ
మంగళవారం, మధ్యాహ్నం 1:32

మరి సుంకం దేని మీద వేస్తారన్నా, ఎఫ్ఓబీ మీదా సీఐఎఫ్ మీదా?

సనత్‌నగర్_గోదాం
మంగళవారం, మధ్యాహ్నం 2:05

మన దేశంలో సీఐఎఫ్ విలువ మీదే. నువ్వు ఎఫ్ఓబీకి కొన్నా కిరాయి, బీమా కలిపి లెక్కేస్తారు. కిరాయి ఎంతో కాగితం చూపించలేకపోతే ఎఫ్ఓబీ మీద 20 శాతం కిరాయిగా, 1.125 శాతం బీమాగా వేసేస్తారు. అసలు ఖర్చు అంతకంటే తక్కువే అయితే నీకే నష్టం, కాబట్టి ఫ్రైట్ సర్టిఫికెట్ జాగ్రత్త.

లక్ష రూపాయల విలువ అనుకో. బేసిక్ డ్యూటీ 10 శాతం అయితే 10,000. దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్ 10 శాతం, అంటే 1,000. ఇప్పుడు 1,11,000 మీద ఐజీఎస్టీ 18 శాతం, 19,980. మొత్తం 30,980. ఐజీఎస్టీ తర్వాత క్రెడిట్ వస్తుంది, మిగతా 11,000 నీ ధరలో కలిసిపోతుంది. కొత్తవాళ్లు 10, 18 కలిపి 28 వేలు అని లెక్కేసుకుని వస్తారు.

పచ్చళ్ల_పార్శిల్
మంగళవారం, సాయంత్రం 4:20

అన్నయ్యా, మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నేను కొరియర్‌లో అమెరికాకి పచ్చళ్లు పంపుతా. 6 కిలోల పెట్టెకి 9 కిలోల డబ్బు తీసుకున్నారు. అడిగితే "వాల్యూమెట్రిక్ మేడమ్" అన్నారు. మోసమా?

పోర్టు_రోడ్డు
మంగళవారం, సాయంత్రం 4:45

మోసం కాదమ్మా. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, కొరియర్ అయితే 5000తో, మామూలు ఎయిర్ కార్గో అయితే 6000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు తూకం, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. మీ పెట్టె 50, 30, 30 అయి ఉండాలి. 45,000 భాగించు 5000, సరిగ్గా 9. సీసాల మధ్య థర్మాకోల్ తగ్గించి చిన్న పెట్టెలో సర్దితే మిగులుతుంది, పగలకుండా చూసుకోవాలి మరి.

పచ్చళ్ల_పార్శిల్
మంగళవారం, సాయంత్రం 4:52

అయ్యో, సరిగ్గా అదే కొలత! థాంక్స్ అన్నయ్యా.

భీమవరం_రొయ్య
మంగళవారం, రాత్రి 11:30

ఎఫ్ఓబీ, సీఐఎఫ్ దగ్గరే కొట్టుకుంటున్నారు. డీడీపీ సంగతి నన్నడగండి. డెలివర్డ్ డ్యూటీ పెయిడ్. అమ్మేవాడి నెత్తిన ఇంతకంటే పెద్ద బరువు పెట్టే పదం ఆ 11లో ఇంకోటి లేదు. అమెరికాకి రొయ్యలు మాలో చాలామంది డీడీపీ మీదే అమ్ముతాం. అక్కడి సుంకం మేమే కట్టి, కాగితాల మీద అక్కడి దిగుమతిదారు కూడా మేమే అయ్యి, వాళ్ల కోల్డ్ స్టోరేజ్ గుమ్మం దాకా చేర్చాలి. సుంకం తక్కువున్నన్నాళ్లు ఎవరికీ పట్టలేదు.

2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 శాతం అన్నారు. రేటు ముందే మాట్లాడేసుకున్నాం, డీడీపీ. ఆ తేదీకి ముందే ఓడెక్కి, సెప్టెంబరు 17లోపు అక్కడ కస్టమ్స్ ఎంట్రీ అయితే కొత్తగా పెంచిన 25 శాతం వర్తించదు అని మినహాయింపు ఇచ్చారు. మావి రెండు రీఫర్ (ఫ్రిజ్ లాంటి) కంటెయినర్లు. రెండోది విశాఖలో ఆగస్టు 12నే ఎక్కింది, హమ్మయ్య అనుకున్నాం. తీరా అది ఎక్కింది ఫీడర్ ఓడ, అంటే పెద్ద రేవుదాకా తీసుకెళ్లే చిన్న ఓడ. కొలంబోలో దించి మదర్ వెసెల్ (పెద్ద ఓడ) ఎక్కించింది 29న. వాళ్ల లెక్కలో చివరి ఓడ ఎక్కిన తేదీయే తేదీ. మొదటిది బయటపడింది, రెండోది మునిగింది. సముద్రంలో కాదు, లెక్కల పుస్తకంలో.

ఇది కాక యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేవి), కౌంటర్‌వెయిలింగ్ (మన ప్రభుత్వ రాయితీలకి విరుగుడుగా వేసేవి) సుంకాలు. ఇప్పుడు కట్టేది డిపాజిట్ మాత్రమే. అసలు రేటు వాళ్లు రివ్యూ చేసి తర్వాత తేలుస్తారు. తిని అరిగిపోయిన రొయ్యకి ఏడాది దాటాక బిల్లొస్తుంది.

కాబట్టి తమ్ముడూ, "డోర్ డెలివరీ రేటు ఇవ్వు" అని ఎవరైనా తియ్యగా అడిగితే డీఏపీ (డెలివర్డ్ ఎట్ ప్లేస్) అని రాయి. అందులో దిగుమతి సుంకం కొనేవాడిది.

బే_ఏరియా_బాబాయ్
బుధవారం, ఉదయం 8:10

అమెరికా నుంచి ఒక చిన్న మాట. ఇక్కడ లారీలో రాష్ట్రం నుంచి రాష్ట్రానికి వెళ్లే సరుకుకీ ఎఫ్ఓబీ అంటారు, "ఎఫ్ఓబీ డెస్టినేషన్" అని కూడా రాస్తారు. దానికీ మీ ఓడ ఎఫ్ఓబీకీ సంబంధం లేదు. అమెరికన్ కొనుగోలుదారు ఎఫ్ఓబీ అంటే ఏ ఎఫ్ఓబీ అని అడగండి.

దుగ్గిరాల_పసుపు
బుధవారం, ఉదయం 9:00

నాకో సందేహం. షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్, బిల్ ఆఫ్ ఎంట్రీ. మూడిట్లో డబ్బు కట్టే బిల్లు ఏది?

పోర్టు_రోడ్డు
బుధవారం, ఉదయం 9:40

ఏదీ కాదు 😂 షిప్పింగ్ బిల్లు ఎగుమతికి కస్టమ్స్‌కి మనం ఇచ్చే డిక్లరేషన్. దాని మీద లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ (ఎగుమతికి కస్టమ్స్ అనుమతి) పడితేనే సరుకు ఓడ దగ్గరికి వెళ్తుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ దిగుమతికి అలాంటిదే. బిల్ ఆఫ్ లేడింగ్ ఓడ కంపెనీ ఇచ్చేది. సరుకు తీసుకున్నట్టు రసీదు, రవాణా ఒప్పందానికి రుజువు, పైగా హక్కు పత్రం. మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు. ఒక్కటి చూపించినా సరుకు ఇచ్చేస్తారు, అందుకే మూడూ బ్యాంకు ద్వారానే పోవాలి. "ఒకటి నాకు నేరుగా కొరియర్ చెయ్యి, త్వరగా విడిపించుకుంటా" అని కొనుగోలుదారు అడిగితే వినకండి.

బిల్ ఆఫ్ లేడింగ్‌లో కన్‌సైనీ (సరుకు అందుకునేవారు) గడిలో కొనుగోలుదారు పేరు నేరుగా రాయకుండా "టు ఆర్డర్" అని రాయించండి. అప్పుడే ఎదురుతిరిగితే ఇంకొకరికి మళ్లించే వీలుంటుంది. విమానం ఎయిర్‌వే బిల్లుకి ఈ హక్కు ఉండదు. అందులో పేరున్నవాడు వచ్చి పట్టుకుపోతాడు.

తొడిమ_తేజ
బుధవారం, రాత్రి 8:45

అందరూ చెప్పింది రాసుకుని కోట్ తయారు చేశా. తప్పులుంటే చెప్పండి. అంకెలు ఊరికే నమూనాకి.

ఎఫ్ఓబీ చెన్నై టన్నుకి 2,100 డాలర్లు. 14 టన్నుల కంటెయినర్‌కి కిరాయి 700, అంటే టన్నుకి 50. సీఎఫ్ఆర్ 2,150. బీమా ప్రీమియం 0.1 శాతం చొప్పున 2,100 మీద 2.10. సీఐఎఫ్ 2,152.10. 30 శాతం ముందే టీటీ, మిగతాది డీపీ. హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే నంబరు) 0904 21.

బ్యాంకు_బల్ల
బుధవారం, రాత్రి 9:20

శభాష్. బీమా మాత్రం సీఐఎఫ్ విలువకి 110 శాతం తీయాలి, ఎఫ్ఓబీ మీద కాదు. ఆ పది శాతం కొనుగోలుదారు లాభం కోసం. అప్పుడు టన్నుకి సుమారు 2.37, సీఐఎఫ్ 2,152.37. తేడా పైసల్లోనే, కానీ ఎల్‌సీ అయి ఉంటే ఆ పాలసీని వెనక్కి పంపేవాణ్ణి.

పోర్టు_రోడ్డు
బుధవారం, రాత్రి 9:45

0904 21 పొడి చేయని ఎండుమిర్చికి, సరైనదే. కారప్పొడి అయితే 0904 22. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, మన షిప్పింగ్ బిల్లులో ఎనిమిది వేయాలి. సీఐఎఫ్‌కి అమ్మినా అందులో ఎఫ్ఓబీ విలువ విడిగా చూపించు. రోడ్‌టెప్ (ఎగుమతిదారుకి పన్నులు వెనక్కిచ్చే పథకం) లెక్క దాని మీదే.

కోట్ ఎన్ని రోజులు చెల్లుతుందో రాయి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలై చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగినప్పుడు, యూరప్‌కి పాత కిరాయితో సీఎఫ్ఆర్ మాటిచ్చినవాళ్లు నా కళ్లముందే తల పట్టుకున్నారు. ఎఫ్ఓబీ వాళ్లు హాయిగా నిద్రపోయారు.

ఫారమ్ ఏఐ అంటే ఆసియాన్ ఒప్పందం కింద ఇచ్చే మూలదేశ ధ్రువీకరణ. దాంతో ఆయనకి సుంకంలో రాయితీ. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) పోర్టల్‌లో దరఖాస్తు. జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం, ఎల్‌యూటీ వేశావా? అది లేకపోతే జీఎస్టీ ముందు కట్టి తర్వాత రీఫండ్ కోసం తిరగాలి. మీ బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్ చెన్నై రేవుకి రిజిస్టర్ అయిందో లేదో కూడా చూసుకో. చివరిరోజు గుర్తొస్తే లారీ గేటు బయటే ఉంటుంది.

తొడిమ_తేజ
శుక్రవారం, సాయంత్రం 6:10

ఆయన జవాబిచ్చాడు! బీమాకి వాళ్లకే ఓపెన్ పాలసీ (అన్ని సరుకులకీ కలిపి ఒకటే) ఉందట, సీఎఫ్ఆర్ చాలన్నాడు. టీటీ 20 శాతానికి ఒప్పుకున్నాడు, 25కి లాగుతున్నా. చివర్లో "14 డేస్ ఫ్రీ టైమ్ ఎట్ డెస్టినేషన్" అన్నాడు. ఇదేంటన్నా మళ్లీ?

పోర్టు_రోడ్డు
శుక్రవారం, సాయంత్రం 6:40

అక్కడ దిగాక కంటెయినర్‌ని అద్దె లేకుండా ఉంచుకునే రోజులు. రేవు లోపల గడువు దాటితే డెమరేజ్, బయటికి తీసుకెళ్లి ఖాళీ డబ్బా తిరిగివ్వడం ఆలస్యమైతే డిటెన్షన్. 14 రోజులు రెంటికీ కలిపా, విడివిడిగానా అని లైన్‌ని (ఓడ కంపెనీని) అడిగి మెయిల్‌లో రాయించుకో. బుకింగ్‌కి ముందే అడగాలి, కంటెయినర్ కదిలాక ఎవరూ ఇవ్వరు.

లోడింగ్ ఎప్పుడు?

తొడిమ_తేజ
శుక్రవారం, సాయంత్రం 6:52

టీటీ పడ్డాకే అన్నా. నాన్న మాత్రం రేపే ఏసీ (కోల్డ్ స్టోరేజ్) నుంచి కాయ తీయిద్దామంటున్నారు. ముందు శాంపిల్ ల్యాబ్‌కి పంపి, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) రిపోర్టు వచ్చేదాకా టిక్కీ ముట్టొద్దని చెప్పి, ఇప్పుడే తిట్లు తిని వచ్చా.